పొద్దుటి ఎత్తు, మాపటి ఎత్తు

ఆ ఏడు రాధిక ఎదగలేదు సరికదా, ఒక కందిబేడంత తగ్గింది.

గుంటూరు వైపు మిరపకోతల వలసకూలి, సుగ్గి, ముగించుకుని, సాయంత్రం లారీ దిగీదిగగానే, కాళ్ళు కూడా కడుక్కోకముందే యేసేపు అలవాటు ప్రకారం కూతురిని వాకిలి కమ్మికి, ద్వారబంధపు నిలువు కర్రకు, ఆనించి నిలబెట్టాడు. తల మీద కొడవలి అడ్డంగా పెట్టి గాటు పెట్టబోయి ఆగిపోయాడు. సుగ్గికి పోయేటప్పుడు పెట్టిన గాటుకు కిందనే ఉంది కొడవలి. మడమలు ఆనించమన్నాడు. జుట్టు ముడి విప్పించాడు, మళ్ళీ వేయించాడు. ఏం చేసినా అంతే. చేసేది లేక కిందనే గాటు పెట్టాడు.

"అయ్యో యేసయ్యా, పిల్ల తగ్గిపోయినాది!" అని కృపమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషే అయినా, దిష్టి విషయంలో ఆమె ఎవరి మాటా వినదు. ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. ఇన్నాళ్ళూ మిరపకాయల్లోనే బతికి వచ్చిన పిల్లకు మిరపకాయలతో ఏం దిష్టి పోతుందని యేసేపు గొణిగాడు గానీ, పైకి గట్టిగా అనలేదు.

ఎందుకంటే అతనికీ భయం వేసింది. రాధికకు చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టు, పోలీసు కావాలని. ఎప్పుడో సుగ్గికి పోతుంటే దారిలో చెకింగు కోసం లారీ ఆపారు. మూటల మీద మూటల్లా పడుకున్న పిల్లల్ని చూసి ఒక పోలీసమ్మ పైకెక్కి, జ్వరంతో ఉన్న రాధికను భుజానేసుకుని దింపి, తన సీసాలో నీళ్ళు తాగించి, డ్రైవరును నిలబెట్టి కడిగేసింది. ఆ భుజం మీది నుంచి దిగినప్పటి నుంచీ పిల్లకు అదే లోకం. అయితే ఆ ఉద్యోగానికి ఇంత ఎత్తుండాలని ఒక కొలత ఉంది. రాత పరీక్ష చదివి గెలవొచ్చు. పరుగు సాధన చేసి గెలవొచ్చు. ఎత్తును ఎవరు సాధన చేస్తారు? రాధిక టైలరు దగ్గర టేపు అడుక్కొచ్చి, గడప నుంచి కొలిచి, కమ్మి మీద ఆ ఎత్తు దగ్గర బొగ్గుతో గీత గీసుకుంది. గాట్లు కింది నుంచి ఒక్కొక్కటే ఆ గీత వైపు ఎక్కుతూ వచ్చాయి. ఇదిగో, ఇప్పుడు అందేటట్టున్నాయి అనగా, పైదొకటి జారి కింద పడింది.

యేసేపు హొళగుంద దారిలోని ఒక పల్లె మనిషి. పత్తి వచ్చే కాలంలో ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ, అది తగ్గాక సుగ్గి. కూలీ మనిషికి కలలెందుకని లోకం అంటుంది గానీ యేసేపుకు అదొక్కటే ఖర్చు లేని అలవాటు. పత్తి కుక్కిన గోనె బోరెం వీపు మీద పెట్టుకుని నడుస్తూ కూడా ఎక్కడెక్కడో తిరిగొచ్చేవాడు. యార్డులో పత్తి రాసులు తెల్లగా పరుచుకుని ఉంటే, వాటి మీద నడిస్తే కాలు ఎంతలోతుకు దిగుతుందో, అడుగున ఏ ఊరుంటుందో అని నిలబడిపోయేవాడు. వెనక వాడు అరిస్తే గానీ కదిలేవాడు కాదు. "బైబిల్లోని యేసేపు మాదిరే, పేరుకు తగ్గట్టే పుట్టినావప్పా, కలలు కనేదానికి" అని పాస్టరు నవ్వేవాడు.

కమ్మి మీద గాట్లు పెట్టడం కూడా ఆ కలల మనిషి పెట్టుకున్న అలవాటే. ఇల్లు వదిలి పోయేటప్పుడు ఒకటి, తిరిగొచ్చినాక ఒకటి. పరాయి చేలల్లో పిల్ల ఎంత పెరిగిందో ఇంటికి తెలియొద్దా అనేవాడు. అన్ని ఏళ్ళూ కుదరలేదు. ఒక ఏడు బెంగళూరు పనికి పరుగు మీద పోయారు. కరోనా ఏడు తిరిగి రావడమే దేవుని దయ అయింది, గాటు ఎవరికి గుర్తుంటుంది? అట్లా పిల్ల బాల్యమంతటికీ మిగిలినవి గుప్పెడు గాట్లు.

ఆ ఆదివారం జయతీర్థ సారు వచ్చాడు. హైస్కూల్లో లెక్కల సారు. పుట్టింది మంత్రాలయం దగ్గర, కాపురం ఆదోనిలో. సుగ్గి లారీ తిరిగొచ్చిందని తెలిస్తే చాలు, సంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడికి లాక్కుపోతాడు. తిట్టడానికే వచ్చాడు.

"తొమ్మిదో తరగతి పిల్లను మిరప చేన్లో నిలబెట్టినావా యేసేపూ? ఇంకో ఏడు ఇట్లే చేస్తే నేనూ నీ ఇంటి ముందర నిలబడతా."

"తప్పైనాది సార్. దీన్ని ఈడ యెవురి కాడ ఇడ్సిపోయేది?" అన్నాడు యేసేపు.

రాధిక మధ్యలో దూరింది. "సార్, మనిషి తగ్గేది ఉంటాదా?"

సారు కమ్మి వైపు చూశాడు. గాట్లు చూశాడు, బొగ్గు గీత చూశాడు, సంగతి విన్నాడు. అంతే, వచ్చిన పని మరిచిపోయాడు. లెక్కల సార్లకు ఎక్కడైనా నాలుగు కొలతలు కనపడితే, ఆకలైనవానికి ఉగ్గాని పళ్ళెం కనపడినట్టే. సంచీలోంచి గ్రాఫు కాగితం తీసి అరుగు మీద పరిచాడు. రాధిక ఒక్కొక్క గాటూ టేపుతో కొలిచి చెప్పింది. వయసు అడ్డంగా, ఎత్తు నిలువుగా, కాగితం మీద చుక్కలు పడ్డాయి. బొగ్గు గీతను కూడా పైన అడ్డంగా గీశారు.

రాధిక స్కేలు తీసుకుంది.

"స్కేలు పెడితే చెడినావు" అన్నాడు సారు. "దాని మాట నమ్మితే నీకు మనవళ్ళు పుట్టే యాలకు నీ తల సెల్ టవరుకు తగుల్తాది. మనిషి నేరుగా ఎదగడు పాపా. మొదట జోరుగా, తర్వాత నిదానంగా, ఆఖరికి చాలనుకుని ఆగిపోతాడు. ఆ వంపు పట్టుకోవల్ల. కృపమ్మా, ఒక పొరకపుల్ల ఇయ్యమ్మా."

కృపమ్మ టెంకాయ ఈనెల పొరకలోంచి పొడుగాటి పుల్ల లాగి ఇచ్చింది. సారు దాన్ని కాగితం మీద ఆనించి మెల్లగా వంచాడు. యేసేపు గడప మీద కూర్చుని చూస్తున్నాడు. పుల్ల కింది నుంచి కొండెక్కుతున్నట్టు ఎక్కి, పైన చదును వైపు ఒరిగింది. ఆదోని కోట కొండకు ఒక పక్క అట్లాగే ఉంటుంది. ఆ కొండ మీద కూతురు నడుస్తున్నట్టు, తాను కింద నిలబడి చూస్తున్నట్టు అతనికి అప్పుడే ఒక కల మొదలైంది.

"అన్నిటినీ ముట్టియ్యల్లని బలవంతం చెయ్యగాకు" అంటున్నాడు సారు, పుల్లను రాధిక చేతికిస్తూ. "కొన్ని పైన పోనీ, కొన్ని కింద పోనీ. యెవురికీ మరీ దూరం కాకుండా నడిచేదే మంచి గీత."

కానీ రాధిక పిల్ల. అన్నీ ముట్టాలనే చూసింది. ఒక చుక్కకు ఆనిస్తే ఇంకొకటి తప్పుకుంది. జారి పడిన ఆ ఆఖరు చుక్క దాకా వంచేసరికి పుల్ల టక్కుమని విరిగింది. ఇంకో పుల్లతో సారే మెత్తగా వంచి చూశాడు. ఈసారి విరగలేదు గానీ, బొగ్గు గీత అందకుండానే ఒరిగి పడుకుంది.

"అంటే నేను అందనా సార్?"

"ఇంత తక్కువ చుక్కలతో చెప్పేది జోస్యం కన్నా రవంత మేలు, అంతే" అన్నాడు సారు. అబద్ధం చెప్పలేని మనిషి కాబట్టి అంతకు మించి ధైర్యం చెప్పలేకపోయాడు.

రాధిక ఏడవలేదు. విరిగిన పుల్ల రెండు ముక్కల్నీ చేతిలో పట్టుకుని కూర్చుంది. యేసేపు కమ్మి వైపు తిరిగాడు. తన చేత్తో, తన కొడవలితో పెట్టిన గాటే బిడ్డ దారికి అడ్డం పడింది. ఆ పూట పెట్టకపోయినా బాగుండేదని అనుకున్నాడు. చెయ్యి పోయి తనకు తెలియకుండానే ఆ గాటును తడుముతోంది.

"యేసేపూ, ఒక్కొక్కటీ యెప్పుడు పెట్టినావో గుర్తుందా?" అని సారు అడిగాడు, ఊరికే అడిగినట్టు.

గుర్తుండకపోవడమేమిటి? యేసేపు లేచి కమ్మి దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నాడు. కింది గాటు మీద వేలు పెట్టాడు.

"ఇది లారీ రాకముందు సార్. ఇంకా మసక మసకగా ఉండాది. అప్పుడే నిద్ర లేపినా. నిలబడే తూగుతాండాది పాప. తల మీద కొడవలి పెడితే సల్లగుందని నవ్వింది." వేలు పైకి జరిగింది. "ఇది తిరిగొచ్చిన దినం. యెలుగు పోతాండాది. రాత్రీ పగలూ లారీలో కూసోని వచ్చినాము. తలంతా మిరప కారం. నా కండ్లు మండినాయి, గాటు వంకరైనాది." వేలు ఇంకా పైకి. "ఇది మళ్ళా పోయేటప్పుడు. కోడి కూసినాది. ఆ దినం కొత్త గౌను."

అతను చెబుతుంటే కృపమ్మ చేటలోని కందులు వదిలేసి వింటోంది. కమ్మి కర్ర మీద ఒక్కొక్క గాటులోంచి ఒక్కొక్క రాధిక దిగి వాకిట్లో నిలబడుతున్నట్టుంది అతనికి. పళ్ళూడినది ఒకతె, జడ కుచ్చులది ఒకతె, కాలికి ముల్లు గుచ్చుకుని కుంటేది ఒకతె. అందరూ లారీ కోసం చూస్తున్నారు. ఇంకొంచెం సేపు కళ్ళు మూసుకునే ఉంటే వాళ్ళందరికీ అన్నం పెట్టి పంపేవాడేమో.

"నాయనా, ఆగు!" అని అరిచింది అసలు రాధిక.

నాయన చెబుతున్నదాన్ని బట్టి ఆమె సాయంత్రపు చుక్కలన్నిటికీ సున్నాలు చుట్టింది. "సూడండి సార్. పోయేటప్పటివి పొద్దున పెట్టినవి, అన్నీ వంపుకు పైనుండాయి. వచ్చినప్పటివి మాపున పెట్టినవి, అన్నీ కిందుండాయి. ఇవి రెండు జాతులు సార్, మనం కలిపేసినాం."

సారు తొడ మీద చరుచుకున్నాడు. కృపమ్మ పొరకకు ఇంకో రెండు పుల్లలు నష్టం. ఒకటి పొద్దుటి చుక్కల వెంబడి వంచారు, నీళ్ళలో పాములా మెత్తగా పోయింది. ఇంకొకటి మాపటి చుక్కల వెంబడి వంచారు, అదీ అంతే. రెండూ ఒకటే వంపు, ఒకదాని కింద ఒకటి, చిటికెన వేలంత ఎడంతో.

"మనిషి పండుకోని లేస్తే సాగింటాడు" అన్నాడు సారు. ఆయన గొంతులో పిల్లవాడి సంబరం ఉంది. "పగలంతా నిలబడి, కూసోని, బరువు మోసి మాపుకు కుంగుతాడు. యెన్నెముకలో పూసకూ పూసకూ నడాన మెత్తలుంటాయి, అవి అణుగుతాయి. చదివినా గానీ నాకూ తోచలేదు చూడు."

"అట్లనా సార్! పొద్దున పనికి పోయేటప్పుడు ఈ పైకమ్మి నా తలకు తగుల్తాది, మాపున వచ్చేటప్పుడు తగలదు. అలిసిపోయి తల వంచుకోని వస్తానేమో అనుకుంటాంటి" అన్నాడు యేసేపు.

"అయితే నేను దిష్టి తీసిందంతా దండగేనా?" అంది కృపమ్మ.

"దండగెందుకమ్మా, పిల్ల మళ్ళా పెరిగింది కదా" అని సారు నవ్వాడు. కానీ రాధిక నవ్వలేదు. రెండు పుల్లల కొసలు చూస్తోంది. పొద్దుటి పుల్ల బొగ్గు గీతను దాటి, దాని నెత్తి మీద ఒక వెంట్రుకవాసిగా ఆగింది. మాపటి పుల్ల గీత కిందనే ఆగింది.

"పొద్దున పోలీసు, మాపున కూలీ" అంది. అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వూ వచ్చింది.

పొరకపుల్ల చెప్పిన మాట తప్పలేదు. పది అయింది, ఎమ్మిగనూరులో ఇంటరయింది. రాధిక మొదట కొంచెం, తర్వాత గోరంత ఎదిగి, పుల్ల ఎక్కడ ఒరిగిందో అక్కడే ఆగింది. సుగ్గికి ఆమెను మళ్ళీ తీసుకుపోలేదు. సారుకు ఇచ్చిన మాట అది. ఇంట్లో మాత్రం యేసేపు ఒక కొత్త చట్టం పెట్టాడు. పిల్ల తల మీద ఏ బరువూ ఎక్కకూడదు. బిందె లేదు, కట్టెల మోపు లేదు, గడ్డి మోపు లేదు. సెలవులకు ఇంటికొస్తే పుస్తకాల సంచీ కూడా బస్సు దగ్గరికి ఎదురుపోయి తానే తెచ్చేవాడు.

"మహారాణిని సాకుతాండావా? రేపు పోలీసైతే తుపాకీ కూడా నువ్వే మోస్తావా?" అని కృపమ్మ దులిపేసేది.

"మోస్తా" అనేవాడు యేసేపు. నిజంగానే ఒక కలలో మోశాడు. తెల్లటి పత్తి చేలో కూతురు ముందు నడుస్తోంది, ఖాకీ బట్టల్లో. ఆమె తల మబ్బుకు తగులుతోంది. వెనక తాను తుపాకీ మోసుకుంటూ పోతున్నాడు. అది పత్తి బోరెమంత తేలిగ్గా, బోరెమంత బరువుగా ఉంది. లేచి ఆ కల చెబితే ఇంటిల్లిపాదీ నవ్వారు.

ఒక పొద్దున పనికి పోతూ వాకిలి దాటినవాడు బయట ఆగిపోయాడు. ఏదో మరిచిపోయినట్టుంది. తువ్వాలు ఉంది, సద్దిమూట ఉంది. వెనక్కి తిరిగి చూస్తే అర్థమైంది. పైకమ్మి తలకు తగల్లేదు. చెయ్యెత్తి దాన్ని ఒకసారి తాకి, ఏమీ జరగనట్టు నడిచిపోయాడు. వాకిట్లో చదువుకుంటున్న రాధిక అది చూసింది. ఆమెకు ఏ చుక్కలూ అక్కర్లేదు, నాయన గీత ఎటు వంగుతోందో తెలిసిపోయింది. ఆ రోజంతా ఆమె తల పుస్తకంలోంచి లేవలేదు.

రాత పరీక్ష గట్టెక్కింది. ఎత్తు చూసేది కర్నూలులో, మైదానంలో, పొద్దున్నే రమ్మన్నారు. బస్సులో పోతే అంత దూరం కూర్చునే పోవాలి, ఒక్కోసారి నిలబడాలి. దిగేసరికి ఆ వెంట్రుకవాసి ఎత్తు దారిలో ఏ గోనెగండ్లలోనో జారిపోతుంది. యేసేపు దాని గురించి ఎన్ని దినాలు కలగన్నాడో గానీ, ఆఖరికి ఈరేష్‌ను పట్టుకున్నాడు. ఈరేష్ ఆదోని యార్డుకు పత్తి తోలే డ్రైవరు. దించేసి ఖాళీ లారీతో కర్నూలు వైపు తిరిగిపోతాడు.

"యేం అన్నా, మనిషిని పండబెట్టి తీస్కపోవల్లనా? ఆసుపత్రికా?" అన్నాడు ఈరేష్.

"పోలీసుకు" అన్నాడు యేసేపు.

లారీ తొట్టిలో ఖాళీ బోరేలు ఒత్తుగా పరిచి, పైన ఎమ్మిగనూరు దుప్పటి వేశాడు, నీలం చారలది. రాధిక వెల్లకిలా పడుకుంది. యేసేపు తల దగ్గర కూర్చున్నాడు. "లెయ్యగాకు" అని ఒకటే మాట. బోరేల మధ్య మిగిలిన పత్తి పింజలు గాలికి లేచి ఆమె జుట్టులో చిక్కుకుంటున్నాయి. పైన చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఎమ్మిగనూరు దాటుతుంటే ఏ వీధిలోనో మగ్గం చప్పుడు వినపడి, లారీ శబ్దంలో కలిసిపోయింది. నాయనా, మనం సుగ్గికి పోతాండామా, కర్నూలుకు పోతాండామా అని రాధిక అడిగింది, నిద్రమత్తులో. యేసేపు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఎన్ని లారీల్లో ఈ తలను ఇట్లా కాచుకుంటూ పోయాడో. ఈ ఒక్క లారీ కోసమే అవన్నీ అనిపించింది.

గేటు దగ్గర పెద్దలను ఆపేశారు. రాధిక కాగితాల కవరు ఒక్కటి చేతపట్టుకుని, దుప్పటి చంకలో పెట్టుకుని లోపలికి పోయింది. మిగతా సామాన్ల మూటంతా యేసేపు నెత్తి మీద ఉంది. గేటు కమ్మీల సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడెక్కడి ఆడపిల్లలో వచ్చారు. పేర్లు పిలవడం మొదలుపెట్టలేదు. ఎండ మైదానం మీదికి పాకుతోంది. ఎండ ఒక్కొక్క అడుగు జరిగేకొద్దీ యేసేపు లోపల ఏదో అణుగుతోంది. అమ్మాయిలు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు, కొందరు పరుగు కోసం కాళ్ళు సాగదీస్తున్నారు. ఒక వేపచెట్టు కింద మాత్రం నీలం చారల దుప్పటి పరిచి ఒక పిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. దాటిపోయే వాళ్ళు చూసి నవ్వుతున్నారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని హాయిగా ఆకాశానికి ఎదురుగా ఉంది. యేసేపుకు ఒళ్ళంతా గర్వం పాకింది.

పిలిచారు. దుప్పటి లేచింది. గుంపు అడ్డం వచ్చింది. ఆ తర్వాత ఏమీ కనపడలేదు.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. మూట దించి నీడన కూర్చోమని పక్కనున్న మనిషి రెండుసార్లు చెప్పాడు. యేసేపు వినిపించుకోలేదు. దించితే ఏదో తప్పిపోతుందేమో అన్నట్టు మోస్తూనే ఉన్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది.

రాధిక గేటు దాటి వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. జుట్టులో ఇంకా ఒక పత్తి పింజ ఉంది. ఆమె దగ్గరికి వచ్చి, రెండు చేతులూ ఎత్తి, నాయన నెత్తి మీది మూటను ఎత్తుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"అయ్యో, పాపా, బరువు!" అన్నాడు యేసేపు.

"గీత దాటినాను నాయనా" అంది రాధిక. "ఇంగ కుంగినా పర్వాలేదు. నడువు."